కొండ ఉంటే కథ జరిగినట్టేనా?

ఎడిటర్ గారికి,

మొన్న గవర్నర్‌పేట టీ కొట్టు దగ్గర మా బావగారితో పెద్ద వాదనే అయింది. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీదే తపస్సు చేశాడు, కొండ కనిపిస్తోందిగా, ఇంకా రుజువేంటయ్యా అంటారాయన, చేతిలో టీ చల్లారి మీగడ కట్టినా పట్టించుకోకుండా. పుణెలో భండార్కర్ సంస్థ వాళ్లు 1919 నుంచి 1966 దాకా వెయ్యికి పైగా రాతప్రతులు పోల్చి భారతంలో ఏది అసలు పాఠమో, ఏది తర్వాత చేరిందో తేలిస్తే, వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథే అసలు పాఠంలో నిలవక అనుబంధంలోకి పోయింది. హస్తినాపురంలో 1950-52లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ తవ్వితే బూడిదరంగు కుండపెంకులు, గంగ వరద ఆనవాళ్లు దొరికాయి గానీ పాండవుల పేరున్న పెంకు ఒక్కటీ లేదు. అలాగని అంతా కట్టుకథే అని కొట్టిపారేసే మావాడి మాటా నాకు ఎక్కదు, వాడు భారతం ఒక్క పర్వమూ చదవలేదు. దసరాకి ఇంద్రకీలాద్రి గురించి మీరు వేసే వ్యాసానికి ఈసారైనా ‘చరిత్ర’ అని కాకుండా ‘స్థలపురాణం’ అని శీర్షిక పెట్టండి.

— ఒక పాఠకుడు, విజయవాడ