హ్యామ్ రేడియో పుస్తకాల లాభం సరే, తెలుగులో ఒక్కటైనా ఏది?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో అమెరికా హ్యామ్ రేడియో సంఘం గురించి వచ్చిన వ్యాసం చదివాను. హ్యామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా సరదాకి, సొంత రేడియో సెట్టు మీద దూరాల వాళ్లతో మాట్లాడుకునే హాబీ. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లూ ఊగిసలాడి, ఇక మనసు ఊరుకోక రాస్తున్నాను. హాబీ పేరు చెప్పి పుస్తకాల దుకాణం నడుపుతున్నారని మీ వ్యాసకర్త తేల్చేశారు. అందులో సగమే నిజం. మిగతా సగం ఎవరో ఒకరు చెప్పాలి కదా!

ఆ సంఘం పేరు అమెరికన్ రేడియో రిలే లీగ్, 1914లో పుట్టింది. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా దాని క్యూఎస్‌టీ పత్రిక వచ్చింది. 1926లో సెట్లు కట్టడం నేర్పే మొదటి హ్యాండ్‌బుక్ అచ్చయింది. సభ్యత్వ రుసుము, పరికరాల కంపెనీల ప్రకటనలు, పుస్తకాల అమ్మకం కలిస్తేనే ఆ సంఘం నడిచింది. లాభాపేక్ష లేని సంస్థ అంటే పైసా మిగలకూడదని కాదు. మిగిలింది ఎవరి జేబులోకీ పోకుండా సంఘం పనికే వాడాలని. ఈ తేడా వ్యాసంలో ఎక్కడా లేదు.

1984లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ హ్యాండ్‌బుక్ పాత ప్రతి నాకు పదిహేను రూపాయలకు దొరికింది. వెనక అట్ట లోపలి వైపు ఎవరో పెన్సిలుతో మోర్స్ చుక్కలు, గీతలు సాధన చేసుకున్నారు. పవర్ సప్లై బొమ్మ ఉన్న పేజీ మీద నా సోల్డరింగ్ ఐరన్ పడి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ పుస్తకం ముందు పెట్టుకునే మొదటి సెట్టు కట్టాను. రాసినవాళ్లు, వేసినవాళ్లు దాని మీద నాలుగు డబ్బులు చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

నాకు అభ్యంతరం ఉన్నది వేరే చోట. అక్కడ లైసెన్సు పరీక్ష ప్రశ్నలన్నీ ముందే బయట పెడతారు, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ప్రతి స్థాయి ప్రశ్నలనూ నాలుగేళ్లకోసారి మారుస్తారు. మారినప్పుడల్లా గైడు కొత్త ముద్రణ రావాల్సిందే, కొత్తగా చేరే పిల్లలు కొనాల్సిందే. వివరించి చెప్పిన శ్రమకు డబ్బు తీసుకుంటున్నారులే అని దాన్నీ ఒప్పుకుంటాను. కానీ 2024లో ఏడాది చందా 49 డాలర్ల నుంచి 59కి పెంచి, అప్పటిదాకా చందాలోనే ఇంటికొచ్చే అచ్చు పత్రికకు విడిగా ఇంకో 25 డాలర్లు కట్టమన్నారు. కాగితం, పోస్టు ఖర్చులు పెరిగిన మాట వాస్తవమే. అయినా ఆ పత్రిక చేతిలో పట్టుకుని చదవడానికే దశాబ్దాలుగా సభ్యులుగా ఉన్న పెద్దవాళ్లను మామూలు కొనుగోలుదారుల్లా చూడటం తప్పు. ఇక్కడ మీ వ్యాసకర్తతో ఏకీభవిస్తాను.

మరి మన సంగతేమిటి? వాళ్ల లాభాలు లెక్కపెట్టే ముందు మన దగ్గర ఏముందో చూసుకోవద్దా? మా వీధిలో ఆటో నడిపే ఆయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. హ్యామ్ అంటే పిచ్చి. లైసెన్సు వచ్చేలోపు కనీసం వినడానికైనా 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ ఏంటెనా (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా లాగి కట్టే తీగ) కట్టుకుంటానన్నాడు. అమెరికా పుస్తకం జిరాక్సు కాగితం ఎక్కడో సంపాదించాడు. 468ని ఫ్రీక్వెన్సీతో, అంటే ఆ 7.1తో, భాగిస్తే తీగ పొడవు వస్తుందని అందులో ఉంది. భాగించాడు, 66 వచ్చింది. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 66 మీటర్ల తీగ కొనుక్కొచ్చాడు. అది అడుగుల లెక్క. మీటర్లలో కావాలంటే 143ని భాగించాలి, ఇరవై మీటర్లు సరిపోతుంది. "పొరపాటైంది తాతా, డబ్బులు నాన్నవి" అని తీగ చుట్ట ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. వాటర్ ట్యాంకు నుంచి పక్కింటి కొబ్బరిచెట్టుకు ఇద్దరం కలిసి ఇరవై మీటర్లు లాగాం. మిగిలిన 46 మీటర్లు దండగే కదా! ఒక్క వాక్యం తెలుగులో ఉంటే ఆ పిల్లాడు అలా మోసపోయేవాడు కాదు.

పన్నెండేళ్లు నిండితే చాలు, మన దేశంలో ఈ పరీక్ష రాయొచ్చు. ఏడో తరగతి పిల్లలన్నమాట. వాళ్ల చేతిలో పెట్టడానికి తెలుగు పుస్తకం నలభై ఏళ్లలో నాకు ఒక్కటీ కనబడలేదు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మా దగ్గరి లైబ్రరీకి వెళ్లి అడిగితే బీరువా తీసి వాల్వ్ రేడియోల రిపేరు పుస్తకం చూపించారు. చివరిసారి ఎవరో తీసుకెళ్లినట్టు పడిన ముద్ర 1991ది. కొత్తవి తెప్పించమని రాసిచ్చిన కాగితం ఏమైందో ఇప్పటికీ జవాబు లేదు. పరీక్ష పాసైనవాళ్లు కూడా లైసెన్సు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. ఎవరి టేబుల్ మీద ఉందో మాత్రం చెప్పరు.

ఇదంతా కాలక్షేపం వ్యవహారం అనుకునేవారికి ఒక్కటి గుర్తుచేస్తాను. 2004 డిసెంబరులో సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే అక్కడున్న భారతి ప్రసాద్ గారు, సహచరులు హ్యామ్ సెట్ల మీద కబుర్లు చేరవేశారు. ఆ హైదరాబాద్‌లోనే పిల్లలకు ఒక తెలుగు పుస్తకం లేదంటే నాకు నిజంగా బాధగా ఉంది.

హ్యామ్ సంఘాలైనా, ప్రభుత్వ అకాడమీలైనా ముందుకొచ్చి ఆ పుస్తకం వేసి అమ్మాలి. ఉచితంగా పంచమని నేను అడగడం లేదు. ఉచితంగా పంచినవి అటక మీదికి చేరడం చాలాసార్లు చూశాను. నూరు రూపాయలు పెట్టండి, ఓ ఇరవై మిగుల్చుకోండి, ఆ ఇరవైతో రెండో పుస్తకం వేయండి. నా దగ్గర తెలుగులో రాసుకున్న నోట్సు రెండు లాంగ్ నోటుబుక్కులున్నాయి, ఏంటెనా లెక్కలన్నీ మీటర్లలోనే. అచ్చు వేస్తామంటే రేపే తెచ్చి ఇస్తాను, నాకు పైసా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాత హ్యామ్,
సైదాబాద్, హైదరాబాద్