మాల్ ఫొటోలు సరే, నడక సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొస్తే మన పత్రికల ప్రయాణాల పేజీల్లో దుబాయ్ మాల్స్ తప్పకుండా ఉంటాయి. ఏం చూడాలో, ఏం కొనాలో రాస్తారు. రెండేళ్ల పిల్లను చంకనేసుకుని ఎంత దూరం నడవాలో మాత్రం ఎవరూ రాయరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40 డిగ్రీలు దాటే ఎండలో పార్కుల ముఖం చూడలేని మాబోటి దుబాయ్ తెలుగువాళ్లకు మాలే ఆటస్థలం. ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ తాతయ్యల్ని తీసుకెళ్లేదీ అక్కడికే. అక్కడ పిల్లలు పేచీ పెడితే బొమ్మల కోసమే అనుకుంటాం. చాలాసార్లు కారణం దూరం, లేదా తప్పిపోయిన నిద్ర.

దుబాయ్ మాల్ సంగతే చూడండి. మెట్రో స్టేషన్ పేరు బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్. పేరు చూసి రైలు దిగితే మాలే అనుకుంటారు. స్టేషన్ నుంచి మాల్ దాకా దాదాపు 820 మీటర్ల ఏసీ వంతెన ఉంది. మధ్య మధ్య కదిలే పట్టీలున్నా, నడిచే పిల్లతో ఇరవై నిమిషాలు వేసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే నడక, అప్పటికి పిల్ల ఒళ్లో నిద్రపోతుంటుంది. అందుకే చిన్నపిల్లలున్నవాళ్లకు మేం ముందు చెప్పేది బుర్‌జుమాన్ మాల్. అక్కడ స్టేషన్ నుంచి నేరుగా మాల్ లోపలికే దారి. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌కూ వంతెన ఉంది కానీ పొట్టిది. మెట్రోలో అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. రైల్లోనూ స్టేషన్‌లోనూ తినడం, తాగడం కుదరదు, 100 దిర్హాముల జరిమానా. బిస్కెట్లూ పాలసీసా పని గేటు దాటకముందే ముగించాలి.

కారులో వెళ్తే నాలుగేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. 2017లో వచ్చిన నిబంధన ఇది, జరిమానా 400 దిర్హాములు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు "నా ఒళ్లో పడుకుంటాడులే" అంటారు, ఒప్పుకోకండి. దుబాయ్ మాల్‌లో ఫ్యాషన్, గ్రాండ్, సినిమా అని వేర్వేరు పార్కింగులున్నాయి. ఒకదాంట్లో కారు పెట్టి ఇంకోవైపు తేలితే మాల్ మొత్తం మళ్లీ నడవాలి. దిగగానే స్తంభం మీది రంగూ అంకే ఫొటో తీసుకోండి. "రెండు నిమిషాల పనే" అని నిద్రపోతున్న బిడ్డను కారులో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఏసీ ఆపిన కారులో వేడి ఎండకు పది నిమిషాల్లోనే ఇంకో పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

వేళ విషయానికొస్తే, పదింటికి తలుపులు తీస్తారు కాబట్టి సోమవారం నుంచి గురువారం లోపు పదింటికి వెళ్లి, పన్నెండున్నరకు బయటపడితే మధ్యాహ్నం నిద్ర ఇంట్లోనే అవుతుంది. 2022 నుంచి ఇక్కడ శని, ఆదివారాలే సెలవు, శుక్రవారం సగం పూటే పని. దాంతో శుక్రవారం సాయంత్రం నుంచి లిఫ్టుల దగ్గర బారులు. స్ట్రోలర్‌తో, అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండితో, రెండు మూడు లిఫ్టులు వదిలేయాల్సి వస్తుంది. అక్కడే ఓపిక నశించి ఎస్కలేటర్ ఎక్కేస్తారు.

అది చేయకండి. పైకి చేరినచోట పళ్ల దువ్వెనలాంటి రేకు ఉంటుంది. స్ట్రోలర్ ముందు చక్రాలు దానికి తట్టుకుని ఆగిపోతాయి. వెనక మెట్లు ఆగవు, జనమంతా మీదికి వచ్చి పడతారు. ఇంకొకటి రబ్బరు చెప్పులు. మెట్టు కదులుతుంది, పక్క గోడ కదలదు. మెత్తటి రబ్బరు ఆ గోడకు ఒరుసుకుంటే అంటుకుని, సందులోకి లాగేస్తుంది. పండగపూట పట్టుపావడా, అమ్మమ్మ చీర కుచ్చిళ్లు, చున్నీ కొస, అన్నిటికీ అదే ప్రమాదం. పిల్లను మెట్టు మధ్యలో నిలబెట్టి చెయ్యి పట్టుకోండి. ఎరుపు ఆపుడు బటన్ కింద, పైన చివర్లలో ఉంటుంది, ఎక్కేముందే ఓ చూపు వేయండి.

స్ట్రోలర్ హ్యాండిల్‌కు సంచులు తగిలించడం అందరూ చేసే పని. పిల్లను దించిన మరుక్షణం ముందు బరువు పోయి బండి వెనక్కి తిరగబడుతుంది. సంచులు కింది బుట్టలో పెట్టాలి. సూపర్‌మార్కెట్ ట్రాలీలో పిల్లలు సామాన్లు వేసేచోట నిలబడకూడదు, బెల్టున్న సీట్లోనే కూర్చోవాలి. లేచి వంగితే తలకిందులుగా పడతారు, కింద ఉన్నది బండరాయి.

పొడిపాలు ఇంట్లో కలిపి తీసుకెళ్లకండి. పొడిని ఒక్కో పూటకు కొలిచి విడివిడిగా డబ్బాల్లో వేసుకుని, మరిగిన నీళ్లు ఫ్లాస్కులో పట్టుకెళ్లాలి. ఫ్లాస్కును ముందే వేడినీళ్లతో ఒకసారి తొలిపితే వేడి నిలుస్తుంది. కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, పొడిలో ఉండే క్రిములు చావడానికి అంత వేడి కావాలి. తర్వాత సీసాను చల్లనీళ్లలో తిప్పి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టాలి. కలిపిన రెండు గంటల్లోపు తాగకపోతే పారబోయాలి. పెరుగన్నం తెచ్చుకునేవాళ్లు దాన్ని కారులో ఉంచకండి, ఎండకు గంటలో పాడవుతుంది. చెమటతో తడిసిన బనీనుతో ఏసీలోకి వెళ్తే పిల్లకు చలి పట్టుకుంటుంది. లోపలికి రాగానే పొడి బనీను మార్చి, పైన పల్చటి పొడుగు చేతుల చొక్కా వేయండి.

టికెట్ల మీద ఓ మాట. దుబాయ్ మాల్ అక్వేరియంలో కోటి లీటర్ల నీళ్లున్న తొట్టి పెద్ద అద్దం మాల్ నడవాలోంచే ఉచితంగా కనిపిస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు అది చాలు. లోపలి సొరంగం టికెట్ వాళ్లు పెద్దయ్యాక కొనొచ్చు.

చివరగా తప్పిపోయే సంగతి. తెలుగు ఇళ్లలో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి ఇంత పొడుగు పేరు, ఇంట్లో పిలిచేది బుజ్జి. ఆ పొడుగు పేరుతో ఎవరు పిలిచినా పిల్ల పలకదు. మీ అమ్మానాన్నల పేర్లేమిటంటే "అమ్మ, నాన్న" అంటుంది. సెక్యూరిటీకి ముద్దుపేరు కూడా చెప్పండి. పిల్లకు మాత్రం మీ అసలు పేరు, ఫోన్ నంబరు పాటలా నేర్పండి. చిన్నదైతే ఇక్కడి దేశం కోడ్ 971తో మొదలయ్యే మీ ఫోన్ నంబరు రాసిన పట్టీ చేతికి కట్టండి. తలుపు దగ్గరే ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీస్తే రంగులు గుర్తు తెచ్చుకునే పని ఉండదు. కనపడకపోతే ఒకరు అక్కడే నిలబడాలి, ఇంకొకరు పక్క షాపువాళ్లకు చెప్పాలి, ఇద్దరూ రెండు దిక్కులకూ పరుగెత్తకూడదు. అక్వేరియం ముందు కలుద్దామనుకోకండి, అక్కడ ఎప్పుడూ జనమే. ఏ మూల షాపో గుర్తుగా పెట్టుకోండి.

ఇట్లు,
ఇద్దరు చిన్నపిల్లల తల్లిదండ్రులు,
కరామా, దుబాయ్