ఈ కప్పు గెలిపించినవాళ్లకి మా టీమ్ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. విజయనగరంలో మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఈ ఏడాది అంతర్ కళాశాలల ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఫోన్లు చేసి అభినందించిన అందరికీ ధన్యవాదాలు. కానీ కెప్టెన్‌గా నేను ముందు దణ్ణం పెట్టాల్సినవాళ్లు కొందరున్నారు. పనులు మానుకోలేక వాళ్లు ఒక్క మ్యాచ్‌కీ రాలేకపోయారు.

మొదట గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే తాతగారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. ఇప్పుడు రూల్ ఒప్పుకోదు. బూట్లు, మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్‌గార్డ్‌లు లేకపోతే రిఫరీ గ్రౌండ్‌లోకి రానివ్వడు. మావాళ్లలో చాలామందికి ఉన్నది ఒక్క జతే, అదీ సీనియర్లు వాడి ఇచ్చినది. సెమీస్ ముందురోజు మా లెఫ్ట్ వింగర్ బూటు అడుగు ఊడిపోయింది. తాతగారు అటూ ఇటూ తిప్పి చూసి, "గమ్ము పెడితే పరిగెట్టినప్పుడు మళ్లీ ఊడిపోద్ది బాబూ, కుట్టాలి" అన్నారు. పాత గమ్మంతా గీకేసి, బూటు అడుగున జారకుండా ఉండే స్టడ్‌లకి తగలకుండా ఆరెతో కన్నాలు పొడిచి, మైనం రాసిన దారంతో చుట్టూతా రెండు వరసలు కుట్టారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ముందు గెలిచి రండి" అన్నారు. సెమీస్‌లో మా గోలు ఆ బూటుతో కొట్టిందే.

సిరిమానోత్సవం రోజుల్లో ఊరంతా జనం, ప్రాక్టీసుకి చోటు లేదు. ఊరి చివర ఒక రైతు తన బీడు ఇచ్చారు. మేం వెళ్లేసరికి ముళ్లకంపలు కూడా కొట్టించి ఉంచారు. టిఫిన్ బండి పిన్నిగారు పొద్దున్నే మాకోసం చోడంబలి (రాగి అంబలి) కాచి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో ఇచ్చేవారు. ఎండలో పరిగెత్తి వచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి! షిన్‌గార్డ్‌లు కొనిచ్చిన పాత విద్యార్థులకీ, పోయిన క్లాసులు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పిన లెక్చరర్లకీ కూడా ధన్యవాదాలు.

మా గోల్‌కీపర్ నాన్నగారి గురించి విడిగా చెప్పాలి. ఫైనల్ సరిగ్గా వరికోతల్లో పడింది. ఇంట్లో చెయ్యి సాయానికి ఉన్నది ఆ ఒక్క కొడుకే. "కోతలు నాను సూసుకుంతాను, నువ్వెల్లి ఆడు" అని పంపించేశారు. ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. 11 మీటర్ల దూరం నుంచి వచ్చే బంతికి గోల్‌కీపర్‌కి ఆలోచించే టైమే ఉండదు. వాడు రెండు ఆపాడు. నాన్నగారూ, ఆ రోజు మీరు వాణ్ణి పొలంలోనే ఉంచేసి ఉంటే మాకు ఈ కప్పు లేదు.

కప్పు సంక్రాంతి సెలవుల దాకా కాలేజీ ఆటల గదిలోనే ఉంటుంది. మీరంతా ఏదో ఒక సాయంత్రం తప్పకుండా రండి. మీ చేతుల్లో పెట్టి ఫొటో తీయించుకోవాలని టీమంతా ఎదురుచూస్తోంది.