తిండి ముందర కూర్చొని ఏడ్చే పిల్లల గురించి

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో పది రోజుల్లో నడుము తగ్గించే డైట్ చార్ట్ ఒకటి వేసినారు, పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రికి ఏదో సూప్, పక్కన ఒక హీరోయిన్ ఫోటో. అది కట్ చేసుకొని రికార్డు బుక్కులో పెట్టుకునే పిల్లలు ఎవరో నాకు తెలుసు, అందుకే ఈ లెటర్. నేను డాక్టర్ని కాదు. మా ఆయన ఫార్మసిస్టు, ఇద్దరం కలిసి అనంతపురంలో జూనియర్ కాలేజీలు, లేడీస్ హాస్టళ్ళు ఉన్న వీధిలో మెడికల్ షాపు నడుపుకుంటాన్నాం. కౌంటర్ వెనక నిలబడే వాళ్ళకి కొన్ని సంగతులు ఇంట్లో వాళ్ళకంటే ముందు తెలుస్తాయి.

మోషన్ మాత్రల సంగతే చూడండి. ఇంటర్ చదివే పాప వచ్చి మా జేజికి మలబద్ధకం అక్కా ఒక షీటు ఇవ్వు అంటాది. వారం తిరక్కుండా మళ్ళీ వస్తాది, ఈసారి రెండు షీట్లు. ఏ జేజికీ అన్ని మాత్రలు అక్కర్లేదు. మేం లేదంటే పక్క షాపుకి పోతాది. ఆ పాపకి ఎవరూ చెప్పని విషయం ఏందంటే, మనం తిన్న తిండిలో బలమంతా చిన్న పేగులోనే ఒంటికి పట్టేస్తాది, ఆ మాత్ర పనిచేసేది పెద్ద పేగులో, అప్పటికి ఒళ్ళు తీసుకోవాల్సింది తీసుకునే ఉంటాది. బయటికి పోయేది నీళ్ళు, నీళ్ళతో పాటు ఉప్పులు, ముఖ్యంగా పొటాషియం. వేయింగ్ మిషన్ మీద తగ్గినట్టు కనపడేది ఆ నీళ్ళే, మళ్ళీ నీళ్ళు తాగితే వచ్చేస్తాది. పొటాషియం పడిపోతే మాత్రం గుండె కొట్టుకోవడంలోనే తేడా వస్తాది, ప్రాణం మీదికి కూడా తెస్తాది. వాంతులు చేసుకునే పిల్లలకీ అదే ప్రమాదం, పైగా కడుపులోని యాసిడ్ తగిలి తగిలి పళ్ళ మీద పొర కరిగిపోతాది, దవడల దగ్గర లాలాజల గ్రంథులు ఉబ్బి ముఖం గుండ్రంగా కనపడతాది. ఆ ఉబ్బు అద్దంలో చూసుకొని ఇంకా లావయినానని ఆ పిల్ల ఇంకా ఎక్కువ చేస్తాది.

వీటిని ఈటింగ్ డిజార్డర్లు అంటారు. తిండి తగ్గించి తగ్గించి ఎంత చిక్కిపోయినా ఇంకా లావుగానే ఉన్నానని భయపడేది అనొరెక్సియా. ఒక్కసారిగా చానా తినేసి, తర్వాత వాంతులతోనో మాత్రలతోనో పస్తులతోనో దాన్ని పోగొట్టుకోవాలని చూసేది బులీమియా. అదీ లేకుండా, ఆపుకోలేక తిని సిగ్గుతో లోపల్లోపల కుమిలిపోయేది బింజ్ ఈటింగ్. బులీమియా ఉన్న పిల్లలు చానామంది చూడ్డానికి మామూలుగానే ఉంటారు, బింజ్ ఈటింగ్ ఉన్నోళ్ళు లావుగా కూడా ఉండొచ్చు, కాబట్టి బక్కగా ఉంటేనే జబ్బు అనుకున్నామంటే మన కళ్ళ ముందర తిరిగే పిల్లలే మనకి కనపడరు.

ఇది సిటీల్లో డబ్బున్నోళ్ళ రోగం, మనకెందుకు వస్తాది అంటారు. మన సీమలో ఈ మాట ఎందుకు అంటారో నాకు తెలుసు. మన పెద్దోళ్ళు కరువు చూసినోళ్ళు. 1876లో మొదలైన ధాత కరువు కథలు వింటా పెరిగినారు, 1952లో గంజి కేంద్రాల ముందర గిన్నె పట్టుకొని నిలబడినోళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అట్లాంటి ఇంట్లో సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి ముందర పెట్టుకొని నాకొద్దు అనే పిల్లని చూస్తే కడుపు మండుతాది, కొవ్వెక్కింది అంటారు, ఒక పూట మాడిస్తే అదే తింటాది అంటారు. కానీ అనొరెక్సియాకి లండన్‌లో విలియం గల్ అనే డాక్టర్ ఆ పేరు పెట్టింది 1873లో, అంటే ధాత కరువుకి మూడేండ్ల ముందర. అప్పుడు ఇన్‌స్టా లేదు, సినిమా లేదు. బులీమియాని జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టర్ 1979లో వివరంగా రాసినాడు, అప్పటికీ సెల్‌ఫోన్లు లేవు. కాబట్టి ఫోన్లొచ్చి పిల్లలు చెడిపోయినారని ఒక్క మాటలో తేల్చేయడానికి కుదరదు, రక్తంలో వచ్చేది కొంత ఉంటాది, ప్రతిదానికీ ఆందోళన పడే స్వభావం ఉంటాది, ర్యాంకుల టెన్షన్ ఉంటాది.

అట్లని బొమ్మలకి ఏ పాపం తెలీదని కూడా అనను. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది 1995లో. అప్పుడు సర్వే చేస్తే బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటానని చెప్పిన స్కూలు ఆడపిల్ల ఒక్కతీ లేదు, మూడేండ్లకి 1998లో మళ్ళీ అడిగితే నూటికి 11 మంది. నిండుగా ఉంటేనే అందం అనుకునే ఊర్లు అవి. అందుకే అడుగుతాన్నా సార్, ఆ చార్టులు ఎవరికి వేస్తాన్నారు? షుగర్ ఉన్న యాభై ఏండ్ల ఆయనకైతే డాక్టర్ ఉన్నాడు, అది చదివి పాటించేది పదహారేండ్ల పిల్లే. కిలోల లెక్కలు, ఆ హెడ్డింగులు తీసేయండి.

మా అక్క కూతురికి వచ్చింది కాబట్టే ఇదంతా నేను తెలుసుకునింది (రాయొచ్చా అని అడిగినా, పేరు మాత్రం వద్దు చిన్నమ్మా అనింది). నీట్ కోచింగ్‌కని హాస్టల్లో వేసినారు. ఫస్ట్ మెస్ తిండి బాలేదని తగ్గించింది, తర్వాత స్వీట్లు, తర్వాత నూనె తగిలినవన్నీ, తర్వాత అన్నం. ఆ టైంలో అందరూ పొగిడినారు, స్లిమ్ అయినావు పాపా ఇప్పుడు బాగున్నావు అని. శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది, తర్వాత సోమవారం, తర్వాత గురువారం, భక్తి కుదిరిందని మా అక్కకి సంతోషం. ఒక్కపొద్దు ఉండేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూస్తాన్నా, విడిచే టైముకి ఏం వండినారని వంటింట్లోకి తొంగి చూస్తారు, ఈ పాప ఆ టైముకే రూములోకి పోయి తలుపేసుకునేది. ఉగాదికి ఇంటికొచ్చి ఓళిగలు మొత్తం తనే కాల్చింది, అందరికీ నెయ్యేసి కొసరి కొసరి పెట్టింది, తను ఒక్క తుంట నోట్లో వేసుకోలేదు. రాత్రి పడుకొని వంటల వీడియోలు చూస్తాది. తిండి మీద ఆశ లేనిది వంటల వీడియోలు ఎందుకు చూస్తాది, ఇదంతా నాటకం అని మా బావ. మే నెలలో, మన అనంతపురం ఎండల్లో, చలేస్తాందని స్వెటర్ వేసుకునేది. జుట్టు కుచ్చులు కుచ్చులు ఊడింది, చేతుల మీద సన్నగా నూగు వచ్చింది, నెలసరి ఆగిపోయింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించినారు, దాని గురించి ఇప్పుడు వద్దులెండి.

వంటల వీడియోల సంగతి బెంగళూరులో డాక్టరమ్మ చెప్తే గానీ మాకు తలకెక్కలేదు. 1944-45లో, యుద్ధం ఇంకా నడుస్తాండగా, అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే సైంటిస్టు 36 మంది ఆరోగ్యమైన కుర్రోళ్ళని, వాళ్ళు ఒప్పుకున్నాకే, దాదాపు ఆరు నెలలు ఇంచుమించు సగం తిండి మీద పెట్టినాడు, ఆకలితో చిక్కిపోయిన జనాన్ని మళ్ళీ ఎట్ల కోలుకునేట్టు చేయాలో తెలుసుకోడానికి. వాళ్ళెవరికీ సన్నబడాలనే పిచ్చి లేదు. అయినా వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ప్లేట్లు నాకినారు, ఇంత తిండిని గంటల తరబడి సాగదీసి తిన్నారు, చలి, చిరాకు, దిగులు, ఎవరితోనూ మాట్లాడక ముడుచుకోవడం. మళ్ళీ తిండి పెట్టినాక కూడా కొందరు నెలల తరబడి ఎంత తిన్నా ఆపుకోలేకపోయినారు. అంటే పిల్ల చేసే నాటకాలు అని మనం అనుకునే వాటిలో చానా వరకు ఆకలే చేయిస్తాంది. ఇది మా ఇంట్లో చెప్తే అందరికంటే ముందు అర్థమయింది మా జేజికి. కరువులో మనుషులు అట్లే అయిపోతారు కదే అనింది, ఆ రోజు నుంచి పాపని కొవ్వు అనే మాట ఆమె నోట్లో వినలేదు.

అనొరెక్సియాని నయం చేసే మాత్ర మా షాపులో లేదు, ఏ షాపులోనూ లేదు. బులీమియాకి కౌన్సెలింగ్‌తో పాటు ఫ్లుఆక్సెటిన్ అని డాక్టర్లు రాస్తారు, అదీ వాళ్ళు రాస్తేనే. అనొరెక్సియాకి తిండే మందు. టీనేజ్ పిల్లలకి లండన్ మాడ్స్లీ హాస్పిటల్లో మొదలైన ఒక పద్ధతి ఉంది, ఏం తినాల ఎంత తినాల అనేది కొన్నాళ్ళు పిల్ల చేతిలో నుంచి అమ్మానాన్న తీసుకుంటారు, పూట పూటకీ పక్కన కూర్చుంటారు, తిట్టరు, అట్లని తినకుండా లేవనీయరు. వినడానికి ఇంతే. మా అక్క రెండు ఇడ్లీల కోసం గంటకి పైగా కూర్చునేది. దోసెలో నూనె ఎక్కువేసినావని పాప పేపర్‌తో వత్తేది, ప్లేటు తోసేసేది, నువ్వు నా తల్లివే కాదు అనేది, ఎంత నెమ్మదైన పిల్లో తెలుసా మీకు. అక్క వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చుకొని, మొహం కడుక్కొని మళ్ళీ వచ్చి కూర్చునేది. బావ మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో బండేసుకొని వచ్చేవాడు, తినేంత సేపు క్రికెట్ గురించి మాట్లాడేవాడు, తిండి మాట ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి. ఆ పాపకి క్రికెట్టే తెలీదు పాపం.

ఒకటి మాత్రం జాగ్రత్త. బాగా చిక్కిపోయిన పిల్లకి ఇంట్లోనే ఒకేసారి నెయ్యి, స్వీట్లు కుక్కి పెట్టేయకండి. చానా కాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ లాంటివి పడిపోయి గుండె మీదికి వస్తాది, రెండో ప్రపంచ యుద్ధంలో విడుదలైన ఖైదీలు కొందరు అట్లే పోయినారు. కళ్ళు తిరిగి పడిపోతాంటే, గుండె నిదానంగా కొట్టుకుంటాంటే ముందు హాస్పిటల్‌కి. బ్లడ్ టెస్టులు నార్మల్ వచ్చినా ఏమీ లేదని వదిలేయొద్దు, చానా ముదిరేవరకు అవి నార్మల్‌గానే ఉండొచ్చు.

కోలుకునేటప్పుడు చుట్టాలతో ఇంకో తంటా. పాప కొంచెం తేరుకుని ఒక పెండ్లికి పోతే, ఒకామె బుగ్గ గిల్లి కొంచెం ఒళ్ళు చేసినావే, ఇప్పుడు ముఖంలో కళ వచ్చింది అనింది. మంచి మనసుతోనే అనింది. పాప చెవికి చేరింది మాత్రం లావయినావు అనే. ఆ రాత్రి నుంచి మళ్ళీ మొదలు. మన దగ్గర మనిషి కనపడగానే చిక్కినావు, లావయినావు అనేది పలకరింపు అయిపోయింది, బాగున్నావా, తిన్నావా అని కూడా కాదు, ఎట్ల చదువుతాన్నావు, సెలవులు ఎన్ని రోజులు అని అడిగితే ఏం పోతాది. ఇప్పుడు డిగ్రీ చదువుతాంది, తింటాంది, పరీక్షలప్పుడు కొంచెం తడబడతాది, అక్క ఇంకా ఒక కన్నేసే ఉంటాది.

మగపిల్లల మాట ఎవరూ ఎత్తరు. జిమ్‌కి పోయి కోడిగుడ్డు తెల్లసొన తప్ప ఏదీ ముట్టకుండా, ఇంట్లో పండగ భోజనానికి కూడా కూర్చోకుండా, ఎంత కండ పెరిగినా చాల్లేదని అద్దం ముందర బాధపడే కుర్రోళ్ళు మా షాపుకి ప్రొటీన్ డబ్బాలకి వస్తారు. వాళ్ళని డిసిప్లిన్ ఉన్నోళ్ళని మెచ్చుకుంటాన్నాం.

మన పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ఇంకా పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది, మనకి బస్సు దూరమే. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయినారంటే రేపు సంబంధాలు రావని ఆగేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి, అంతే. ఇన్సూరెన్స్ ఉన్నోళ్ళు పాలసీ తీసి చూసుకోండి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బుల వైద్యానికి కూడా మిగతా జబ్బులతో సమానంగా కవర్ ఇవ్వాల.

తోటి మెడికల్ షాపుల వాళ్ళకి కూడా ఒక మాట. చిన్న పిల్లలు మోషన్ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు అడిగితే ఎవరికమ్మా, ఎన్నాళ్ళ నుంచి అని మెల్లగా అడగండి, నలుగురిలో గట్టిగా కాదు. మేం ఇప్పుడు బిల్లు వెనక, మనసు బాధలకి ఫోన్లోనే సలహా చెప్పే టెలీ మానస్ నంబరు 14416 రాసి ఇస్తాన్నాం. 2022 అక్టోబర్ 10న గవర్నమెంట్ మొదలుపెట్టిన లైన్ అది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటాది, తెలుగులో మాట్లాడతారు. పిల్లే ఫోన్ చేయాలని లేదు, అమ్మ చేయొచ్చు, రూమ్మేట్ చేయొచ్చు, హాస్టల్ వార్డెన్ చేయొచ్చు.

ఇట్లు,
మెడికల్ షాపు నడుపుకునే ఒక పాఠకురాలు,
అనంతపురం