విప్పడానికి వీలుగా బిగించండి

సంపాదకులకు నమస్కారం.

తాత కొన్న చిన్న మోటారు పడవ నాన్న చేతుల మీదుగా మనవడికో మనవరాలికో దక్కితే ఇంటిల్లిపాదికీ పండగే. కానీ పడవకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. యాభై ఏళ్లు ఎండకూ వానకూ ఓర్చుకున్న చెక్క, కొత్తగా పడవ చేతికొచ్చిన వాళ్లు ఇష్టంకొద్దీ పూసిన ఒక్క డబ్బా రెసిన్‌తో (గట్టిపడే జిగురు ద్రవంతో) చచ్చిపోతుంది. ఆ ఇష్టం పడవకు చేటు కాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత పడవ మీద ఏ పని చేసినా, మీ తర్వాత వచ్చే మనిషి దాన్ని విప్పి మళ్లీ బిగించగలిగేలా చేయండి.

అమెరికాలో 1975లో లేక్ జార్జ్ దగ్గర పుట్టిన యాంటిక్ అండ్ క్లాసిక్ బోట్ సొసైటీ ఒక పడవను 'సంరక్షించినది'గా లెక్కించాలంటే డెక్కులోనూ, నీటికి పైన ఉండే పక్కల్లోనూ కనీసం 60 శాతం అసలు కలపే ఉండాలని అడుగుతుంది. అడుగు భాగం మార్చినా తప్పు పట్టదు. ఈ పద్ధతిలో మంచి తెలివి ఉంది. నీళ్లలో నానే అడుగు అరిగిపోయే భాగమే. అది మారుతుంది. పైన కనిపించే మహోగనీ, దాని మీది ఇత్తడి, క్రోమియం సామాను మాత్రం నిలవాలి. ఈ తేడా తెలిస్తే సగం తప్పులు జరగవు.

మిషిగన్‌లోని ఆల్గొనాక్‌లో తయారైన క్రిస్-క్రాఫ్ట్ లాంటి పాత చెక్క పడవల్లో చాలావాటికి అడుగున రెండు వరసల పలకలు ఉంటాయి, వాటి మధ్య మందు పట్టించిన గుడ్డ. ఇలాంటి పడవ చలికాలమంతా షెడ్డులో ఉంటే చెక్క ఎండి సందులు విచ్చుకుంటాయి. నీళ్లలోకి దించగానే లోపలికి నీరు వస్తుంది. కొత్తవాళ్లు అది చూసి హడలిపోయి పడవను పైకి లాగి, ఎండిన సందుల్లో ఎపాక్సీ పుట్టీ (రాయిలా గట్టిపడే జిగురు ముద్ద) కూరతారు. అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది. పలకలు మళ్లీ నీళ్లు తాగి ఉబ్బినప్పుడు వాటికి జరగడానికి చోటుండదు. ఆ ఒత్తిడికి స్క్రూలు ఊడి వస్తాయి, లేదా పడవ పక్కటెముకలు విరుగుతాయి.

చేయాల్సింది ఓపిక పట్టడమే. దించే ముందు మూడు నాలుగు రోజులు లోపల తడి గోనెలు, పాత తువ్వాళ్లు పరిచి తడుపుతూ ఉండండి. దించాక తాళ్లతో ఆసరా ఇచ్చి, నిండుగా చార్జి ఉన్న బ్యాటరీకి రెండు పంపులు తగిలించి ఒక రోజు నుంచి మూడు రోజులు వదిలేయండి. ఒక పంపు ఆగినా రెండోది పనిచేయాలి. నీరు రావడం రోజురోజుకూ తగ్గుతుంటే చెక్క తన పని తాను చేసుకుంటోందని అర్థం. వారం గడిచినా తగ్గకపోతే అప్పుడు కీల్‌ను (పడవ అడుగున నడుమ పొడవునా ఉండే దూలాన్ని) ఆనుకున్న మొదటి పలకనూ, అడుగూ పక్కా కలిసే మూలనూ వెతకండి.

ఈ మధ్య చాలామంది అడుగు మార్చేటప్పుడు గుడ్డకు బదులు 5200 అనే పాలీయురేథేన్ జిగురు వాడుతున్నారు. అలాంటి అడుగును నానబెట్టాల్సిన అవసరం ఉండదు. అడుగు ఎలాగూ అరిగేదే కాబట్టి అక్కడ ఆ జిగురుకు నాకు అభ్యంతరం లేదు. డెక్కు మీది క్లీట్లు (తాళ్లు చుట్టే కొక్కేలు), అద్దం ఫ్రేము, లైట్ల కింద మాత్రం దాన్ని వాడకండి. పదేళ్ల తర్వాత క్లీటు విప్పబోతే కింది చెక్కతో సహా ఊడి వస్తుంది. అక్కడికి గట్టిపడని పాతరకం బెడ్డింగ్ పుట్టీ (సామాను కింద నీరు దిగకుండా పరిచేది) చాలు.

స్క్రూల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాత పడవల్లో ఇత్తడి స్క్రూలు ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ ఇత్తడిలోని జింకు నీటికి పోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. తల పైకి బాగానే కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పగానే పుటుక్కున తెగుతుంది. తెగిన చోట గులాబీ రంగు కనిపిస్తే ఆ వరసలో మిగతావాటినీ నమ్మకండి.

తీసే పద్ధతి ఇది. స్క్రూ తల మీద ఉన్న కొయ్య బిరడా నడుమ సన్నని రంధ్రం వేసి, అందులోకి ఒక చెక్క స్క్రూ ఎక్కించండి. దాని మొన కింది స్క్రూ తలకు తగలగానే బిరడా తనంతట తానే పైకి లేస్తుంది. స్క్రూ గాడిలోని పాత వార్నిష్ పూర్తిగా గీకేసి, గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ మాత్రమే వాడండి. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక ప్రయత్నించండి. దాని స్థానంలో సిలికాన్ కంచు స్క్రూ, ఒక సైజు పెద్దది వేయాలి. 8 నంబరు తీస్తే 10 నంబరు. మరలకు తేనెమైనం రాయండి, సబ్బు వద్దు, అది తేమను పీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఎంత మెరిసినా నీటి కింద వద్దు. గాలి అందని తడి చెక్కలో అది లోపలి నుంచి గుంటలు పడి తినుకుపోతుంది.

కొత్త బిరడాను అదే జాతి చెక్కతో చేసి, దాని నార పలక నార దిశలోనే ఉండేలా పెట్టండి. అంటించేది వార్నిష్‌తో. ఎపాక్సీతో అంటించారంటే తర్వాత ఆ స్క్రూ తీసేవాడు పలకను చెక్కుకోవాల్సిందే. ఎక్కువగా మిగిలిన భాగాన్ని ఉలితో ఒక్క దెబ్బలో కోయకండి. ముందు సగం ఎత్తులో కోసి నార ఎటు దిగుతోందో చూసి, దాన్ని బట్టి రెండో కోత వేయాలి. లేకపోతే బిరడా లోపలికి విరిగి గుంట పడుతుంది.

పాత పడవకు ఉప్పునీటి కన్నా వాన నీరే పెద్ద శత్రువు. చెక్కను కుళ్లబెట్టే బూజుకు గాలీ, మంచినీటి తేమా కావాలి. డెక్కు సందుల్లోంచి దిగిన వాన నీరు వెనక పలక మూలల్లోనూ, పక్కటెముకల అడుగున నీరు పారే రంధ్రాలు మూసుకున్న చోటా నిలుస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లండి. గట్టి చెక్క టంగుమంటుంది, కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట మొద్దుబారిన దబ్బనంతో నొక్కి చూడండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పడం కుళ్లును పిలిచి పీట వేయడమే. మధ్యలో వాసంలా ఒక కర్ర నిలబెట్టి, రెండు కొసలా గాలి ఆడేలా కాన్వాసు కప్పండి. ఫ్లోరు పలకలు ఎత్తి పెట్టండి.

కారడం ఆగుతుందని చెక్క అడుగు మీద ఫైబర్‌గ్లాస్ పరిచే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాలియెస్టర్ రెసిన్ చెక్కను గట్టిగా పట్టుకోదు, తడిసిన చెక్కనూ నూనె పీల్చిన చెక్కనూ అసలే పట్టుకోదు. చెక్క కదులుతూ ఉంటుంది, పై పొర కదలదు. మధ్యలో చేరిన నీరు బయటికి పోయే దారి ఉండదు. కొన్నేళ్లకు పొర ఊడదీస్తే కింద చెక్క బదులు తడి మట్టి లాంటిది చేతికొస్తుంది.

వార్నిష్ గురించి నాలుగు ముక్కలు. మొదటి పూత సగానికి సగం పలచన, రెండోది పావు వంతు పలచన, తర్వాత చిక్కగా. అన్నీ కలిపి ఎనిమిది నుంచి పది పూతలు, మధ్యలో 220, చివర్లో 320 నంబరు కాగితంతో తేలికగా రుద్దుతూ. డబ్బాను కుదపకండి, బుడగలు పుడతాయి. మంచు పడే సాయంత్రం పూయకండి. ఆ తర్వాత ఏటా రెండు పూతలు వేస్తూ ఉంటే చెక్క దాకా గీకాల్సిన అవసరం చాలా ఏళ్లు రాదు. గీకిన ప్రతిసారీ పలక పలచబడుతుంది. అది తిరిగి రాదు.

జింకు దిమ్మల (మిగతా లోహపు సామాను బదులు తాము కరిగేవాటి) విషయంలో చెక్క పడవల వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ పెడితే మేలనుకుంటారు. కానీ అవసరానికి మించి జింకు ఉంటే కంచు సామాను చుట్టూ క్షారం పుట్టి అక్కడి చెక్కను మెత్తని పీచులా మారుస్తుంది. అవసరమైనంతే పెట్టి, సగం కరిగాక మార్చండి.

ఇక ఇంజిన్. ఏళ్లుగా కదలని ఇంజిన్‌ను నేరుగా స్టార్టర్‌తో తిప్పకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల నూనె పోసి, రెండు రోజులు ఆగి చేత్తో తిప్పండి. తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే పాత ఫ్లాట్‌హెడ్ ఇంజిన్లలో (వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవాటిలో) ఎక్కువగా ఎగ్జాస్ట్ వాల్వు ఇరుక్కుని ఉంటుంది. కార్బురేటర్‌లో బెండు ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే ముక్క) ఉందేమో తప్పక చూడండి. దానికి పూసిన లక్క ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కరుగుతుంది, బెండు నానుతుంది, మునుగుతుంది, పెట్రోలు పొంగుతుంది. పాత రబ్బరు గొట్టాలన్నీ కూడా మార్చాల్సిందే.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున కూర్చుంటుంది. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నడిపి, మూత ఎత్తి ముక్కుతో వాసన చూడండి. కార్బురేటర్ మీది మంటనిరోధక జాలీని తీసి నడపడం ఒక్కసారైనా చేయకూడదు. కారు స్టార్టర్, కారు ఆల్టర్నేటర్, కారు కార్బురేటర్ సరిగ్గా సరిపోయినా బిగించకండి. కారువి నిప్పురవ్వను లోపలే ఆపేలా చేసినవి కావు. కారు కార్బురేటర్ పొంగితే పెట్రోలు బయటికి కారుతుంది, పడవది తిరిగి ఇంజిన్‌లోకే పోయేలా చేసి ఉంటుంది. ఈ ఒక్క పొదుపు మనుషుల ప్రాణాలు తీసింది.

ప్రొపెల్లర్ షాఫ్టు పడవ బయటికి వెళ్లే చోట గ్లాండ్ రోపు (నీరు రాకుండా ఆపే తాడు) మూడు నాలుగు చుట్లు ఉంటుంది. దాన్ని పొడవుగా మెలితిప్పి కూరకండి. షాఫ్టు మందమే ఉన్న కడ్డీకి చుట్టి, 45 డిగ్రీల కోతతో విడివిడి రింగులు చేసి, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టండి. నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి, షాఫ్టు ఆగితే చుక్కలూ ఆగాలి. చుక్క కూడా రాకుండా బిగిస్తే రోపు కాలి షాఫ్టుకు గాడి పడుతుంది. చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే నట్టు వదులు చేయండి.

ఇంజిన్, షాఫ్టు వరస కుదర్చడం ట్రెయిలర్ మీద చేస్తే వృథా. పడవ నీళ్లలో రెండు మూడు రోజులుండి తన ఆకారానికి వచ్చాక, కప్లింగ్ (ఇంజిన్‌నూ షాఫ్టునూ కలిపే బిళ్లలు) బోల్టులు తీసి నాలుగు వైపులా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెట్టండి. నాలుగు అంగుళాల కప్లింగ్‌కు తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే వణుకు పుట్టి ముందు బేరింగ్, తర్వాత గేర్‌బాక్సు పోతాయి.

పడవ వెనక తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటార్లలో పెట్రోలుకు నూనె నిష్పత్తి ముఖ్యం. 1950ల నాటి చాలా మోటార్లకు 24:1, అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 42 మిల్లీలీటర్లు. తర్వాత సూది బేరింగులు వచ్చినవాటికి 50:1, లీటరుకు 20. పాతదానికి కొత్త లెక్క కలిపితే లోపలి కంచు బుష్‌లు ఎండి పట్టేస్తాయి. మోటారు మీది పలక చదివి కలపండి. ప్రొపెల్లర్ షియర్ పిన్ను విరిగితే ఉక్కు బోల్టు వేయకండి. రాయి తగిలినప్పుడు విరగాల్సింది పిన్ను, అది విరగకపోతే గేర్లు విరుగుతాయి. ఇంపెల్లర్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని తోడే రెక్కల చక్రం) రెండేళ్లకోసారి మార్చండి. రెక్క తెగిపోయి ఉంటే ఆ ముక్క దొరికేదాకా నీటి దారి వెతకండి. గేర్ నూనె పాలలా ఉంటే సీలు పోయినట్టే. గడ్డకట్టే చలి రాకముందే ఆ నూనె తీసేయకపోతే లోపలి నీరు మంచై పెట్టె పగులుతుంది.

1958లో వచ్చిన 13 అడుగుల బోస్టన్ వేలర్ లాంటి ఫైబర్‌గ్లాస్ పడవలకు కుళ్లు లేదనుకోవద్దు. రెండు పొరల మధ్య ఫోమ్ ఉంటుంది, వెనక పలకలో ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూ రంధ్రాల్లోంచే నీరు రెంటికీ చేరుతుంది. ప్రతి రంధ్రాన్నీ పెద్దది చేసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని నడుమ కొత్త రంధ్రం వేయండి. ఎపాక్సీకి సరైన చోటు ఇది.

ట్రెయిలర్ మీద పడవను మోసే దుంగలు వెనక పలక దాకా రావాలి. ఒక అడుగు ముందే ఆగితే ఇంజిన్ బరువుకు పడవ అడుగు భాగం వెనక వైపున కిందికి వంగుతుంది. అలాంటి పడవ వేగంలో ముక్కు దించి పక్కకు లాగుతుంది. అడుగున తాడు బిగించి చూస్తే ఆ వంపు కనిపిస్తుంది.

చివరిగా, పడవతో పాటు ఒక నోటుపుస్తకం, ఒక రేకు డబ్బా చేతులు మారాలి. పుస్తకంలో ఏ పలక ఎప్పుడు మార్చారు, ఏ స్క్రూలు వేశారు, ఎక్కడ ఏ జిగురు వాడారు, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస), ఇగ్నిషన్ పాయింట్ల మధ్య దూరం, బ్యాటరీ ఆరు వోల్టులా పన్నెండా, ఏ ధ్రువం ఇంజిన్‌కు కలిపి ఉంది రాయండి. డబ్బాలో రెండు ఇంపెల్లర్లు, ఆరు షియర్ పిన్నులు, గ్లాండ్ రోపు ఒక గజం, ఆ పడవ పలక నుంచే కోసిన ఒక జానెడు మహోగనీ ముక్క ఉంచండి. బిరడాలు చేసుకోవడానికి.

ఇట్లు,
పాత పడవల పని తెలిసిన ఒక పాఠకుడు