శనివారం కుక్క ఎందుకు రావడం లేదంటే

అందరికీ నమస్కారం. "కుక్కను ఆపేశారట, ఏమైంది" అని ఫోన్ చేసినవాళ్ళకి తలా ఒక ముక్క చెప్పాను, నాకే తృప్తిగా లేదు. మీ అమ్మానాన్నల్ని మా వృద్ధుల హోమ్‌లో పెట్టినవాళ్ళు, మీకు జరిగింది జరిగినట్టు తెలియాలి.

రెండేళ్ళుగా ఒక సంస్థ మా పెద్దవాళ్ళతో కాసేపు గడపడానికి వారం వారం శిక్షణ ఉన్న కుక్కను పంపేది. ఎప్పుడూ అదే ముసలిది, ఒళ్ళో తల పెట్టి కదలకుండా కూర్చునేది. ఆ శనివారం ముందు ఒక్క మాటైనా చెప్పకుండా ఇంకో కుక్కను దింపారు. ఏడాది కూడా నిండలేదని చూస్తేనే తెలుస్తోంది. మెడకి సాగే తాడు, కురచ బెల్టే ఉండాలని మేం రాసిచ్చిన కాగితం మీద వాళ్ళ సంతకం ఉంది మరి! ఇచ్చిన టీకాల కార్డేమో పాత కుక్కది. గేటు దగ్గర ఉన్నది నేనే. వెనక్కి పంపేయాల్సింది. కానీ హాల్లో 12 మంది అప్పటికే కుర్చీలు జరుపుకుని తలుపు వైపే చూస్తున్నారు, సరేలే అన్నాను. ఆ "సరేలే" నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వడం లేదు.

పది నిమిషాలు కాలేదు, అది ఒక అమ్మగారి మీదికి ఎగరబోతే గోరు ముంజేతికి తగిలింది. మనకైతే ఎర్రగా గీత పడేది, అంతే. ఆవిడకి 81 ఏళ్ళు, చర్మం తడిసిన కాగితంలా లేచి వచ్చింది, రక్తం పలచబడే మందు కూడా వాడతారు. సిస్టర్ సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, ఆ తర్వాత గుడ్డతో నొక్కి పట్టుకుంటే ఎంతసేపటికో రక్తం ఆగింది. ఆ కుక్కకి రేబీస్ టీకా వేశారనడానికి ఆధారం లేదు కాబట్టి డాక్టరు ఆవిడకి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. గాయం మానింది. కట్టు మార్చేటప్పుడు ఆవిడ "దాని గోళ్ళు ఎవరూ చూడలేదా?" అని నన్నే అడిగారు, ఏం చెప్పను.

సంస్థవాళ్ళు "చిన్న గీతే కదండీ, ఒక నెల ఉచితంగా పంపుతాం" అన్నారు. ఎదురు డబ్బిచ్చినా వాళ్ళని గేటు దాటనివ్వను. ఖర్చు మిగుల్చుకోవడానికే ఆపానని మీలో ఒకరు అన్నారట, ఆ మాట మాత్రం బాగా గుచ్చుకుంది.

అసలు జంతువులే వద్దని రెండు రోజులు గట్టిగా అనుకున్నాను. కానీ వారమంతా ఎవరితోనూ మాట్లాడనివాళ్ళు ఆ ముసలి కుక్కతో మాట్లాడటం నా కళ్ళతో చూశాను. అందుకే మీ ఇంటి కుక్కనో పిల్లినో తీసుకురావచ్చు, ఒకరోజు ముందు ఫోన్ చేసి. ఏడాది దాటినదై, గోళ్ళు కత్తిరించి ఉండాలి, దాని సొంత టీకాల కార్డు ఉండాలి. పచ్చి మాంసం తినేదాన్నీ, విరేచనాలు అవుతున్నదాన్నీ తేవద్దు. భోజనాల గది, వంటిల్లు, మందుల గది వైపు పోకూడదు. నడిచే దారిలో పడుకోనివ్వొద్దు, కాలికి అడ్డం పడితే తుంటి ఎముక విరుగుతుంది. పుండ్లు ఉన్నవాళ్ళ దగ్గరికీ, భయపడేవాళ్ళ దగ్గరికీ తీసుకెళ్ళం. ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగాలి, మీరూ వాళ్ళూ. తాబేలు తేవచ్చా అని ఒకరు అడిగారు, వద్దండీ, పైకి ఆరోగ్యంగా ఉన్నా దాని ఒంట్లో సాల్మొనెల్లా అనే విరేచనాలు తెచ్చే క్రిమి ఉండొచ్చు.

గేటు దగ్గర కార్డు నేనే చూస్తాను. హాల్లో ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే.