ఆటోనగర్‌ను ఊరవతలకు నెట్టమన్నవారికి

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మన బెజవాడ ఆటోనగర్ (లారీ రిపేరు షెడ్ల పేట) మీద వచ్చిన కథనానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లు చూడవలసి వచ్చింది. ఎవరూ రాయలేదు. తుక్కు దిబ్బ అన్నారు, నూనె మరకల నేల ఫొటో ఒకటి వేశారు, మొత్తాన్ని ఊరవతలకు తరలిస్తే పీడా పోతుందని నలుగురి చేత అనిపించారు. అసలు దాన్ని పెట్టిందే ఊరవతల కదండీ! 1960ల్లో బెజవాడ వీధుల్లో లారీలు అడ్డమని పటమట దాటించారు. ఊరే పెరిగి పెరిగి వచ్చి దాని చుట్టూ మూగింది. ఇటు బందరు రోడ్డు, అటు పాత అయిదో నంబరు జాతీయ రహదారి (ఇప్పుడు పదహారు అంటున్నారు) దగ్గరని చెప్పి స్థలాలు అమ్ముకున్నప్పుడు సుత్తి చప్పుడు ఎవరికీ వినపడలేదు. గృహప్రవేశం అయ్యాకే వినపడింది.

అంత పెద్ద కథనంలో అక్కడ పనిచేసే మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. ఇంజన్ పట్టేసిన లారీ ఒకటి వచ్చిందనుకోండి. దాన్ని ఏ ఒక్క షెడ్డూ మొదటి నుంచి చివరిదాకా బాగుచేయదు. మేస్త్రి చైన్ బ్లాకు తగిలించి ఇంజన్ దించి విప్పుతాడు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్‌కు, బ్లాకు బోరింగ్‌కు, హెడ్డు ఫేసింగ్‌కు, డీజిల్ పంపు పంపు రూముకు, సెల్ఫు మోటారు వైండింగ్‌కు, రేడియేటరు పక్క వీధికి పోతాయి. లారీ ఉన్నచోటే ఉంటుంది. దాని ముక్కలే కుర్రాళ్ల భుజాల మీద, తోపుడు బళ్ల మీద, మోపెడ్ల మీద వీధులన్నీ తిరిగొస్తాయి.

క్రాంకు సంగతే చూడండి. అరిగినచోట పావు మిల్లీమీటరు తీసి, దానికి తగ్గ అండర్ సైజు బేరింగులు వేస్తారు. గ్రైండింగ్ రజను ఆయిలు రంధ్రాల్లో ఇరుక్కుపోయిందా, ఎంత ఖరీదు పెట్టి కొన్న బేరింగైనా గీసుకుపోయి బండి మళ్లీ షెడ్డుకే వస్తుంది. అందుకే పాతకాపు మేస్త్రి క్రాంకు చేతికి రాగానే రంధ్రంలో తీగ దూర్చి, డీజిల్ పోసి, గాలి కొట్టి, అవతలి కొసన తెల్లగుడ్డ పట్టి చూస్తాడు. గుడ్డ నల్లబడితే మళ్లీ కడుగుడే. బేరింగు క్యాపులు బిగించాక క్రాంకు చేత్తో తిప్పితే తిరగాలి. బిగుసుకుంటే అరగంటలో అది తిరిగి గ్రైండింగ్ షాపులో ఉంటుంది. ఆ షాపు ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటే ఒక రోజు గల్లంతు. ఫైనాన్సు కిస్తీ ఆ రోజుకు ఆగదు కదా. తరలించండి అని తేలిగ్గా అనేవాళ్లకు ఈ లెక్క ఎవరు చెప్పాలి?

కమాన్ల (లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీల) షెడ్డుకు వెళ్లినా ఇదే నాణ్యం. మెయిన్ పట్టీ మార్పించుకుని బయలుదేరే డ్రైవరుకు మేస్త్రి తప్పకుండా చెప్పే మాట, లోడుతో రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఆ పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించుకోమని. కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేసరికి బోల్టులు వదులవుతాయి. అప్పుడు ఒత్తిడంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ పక్కకు జరుగుతుంది, బండి వంకరగా నడిచి టైర్లు కొరుక్కుపోతాయి. మాట వినకుండా పోయి అదే లారీతో ఈడ్చుకుంటూ వచ్చినవాణ్ణి నాలుగు తిట్టి, టీ తెప్పించి, మళ్లీ పనిలోకి దిగుతారు. గురునానక్ కాలనీ సర్దార్జీల స్పేర్ పార్టుల కొట్లో బేరం అచ్చ బెజవాడ తెలుగులోనే. లారీ కింద దుప్పటి పరుచుకుని పడుకున్న ఉత్తరాది డ్రైవరుకు ఏ షెడ్డులోనైనా మంచినీళ్లు దొరుకుతాయి. తుక్కు దిబ్బ మనుషులు మరి!

ఇక నూనె. పెద్ద లారీ ఇంజన్‌లోంచి దించే పాత ఆయిలు పదిహేను ఇరవై లీటర్లుంటుంది. దాన్ని డ్రమ్ముల్లో పట్టి అమ్ముకుంటారు, డబ్బులొచ్చేదాన్ని కాలవలో ఎవరు పోస్తారు? కాలవలోకి పోయేది వాటరు సర్వీసింగ్ నీళ్లూ, సామాన్లు కడిగిన డీజిలూ. అది తప్పే, వెనకేసుకు రావడం లేదు. దానికి మందు మూడు అరల గుంట. మొదటి అరలో మట్టి దిగుతుంది, రెండో అరలో జిడ్డు పైకి తేలుతుంది, మూడో అరలోకి నీళ్లు అడుగు నుంచి వంపు పైపు ద్వారా పోవాలి. పై నుంచి పొర్లేలా కడితే జిడ్డూ నీళ్లతోపాటే పోతుంది, గుంట కట్టీ దండగ. వారానికోసారి జిడ్డు తోడాలి, మట్టి ఎత్తాలి. వీధికొకటి కట్టించి, తోడించే మనిషిని పెట్టి, ఆ తర్వాత కూడా కాలవలో వదిలినవాడికి జరిమానా రాయండి, చప్పట్లు కొడతాం. తనిఖీకి వచ్చిన అధికారులు ఫోన్లలో ఫొటోలు తీసుకుని వెళ్లడమే కనిపిస్తోంది. ఆ ఫొటోలన్నీ ఎక్కడ దాస్తారో!

రోడ్ల మాట చెప్పాలంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2018లో పది టైర్ల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. బరువు పెరిగింది కదా అని ఇక్కడి రోడ్డును ఎవరైనా మందం చేశారా? కంకర మీద పలచగా తారు పొర, రెండు వానలకు లేచిపోతుంది. లేవడానికి కారణం లారీ ఒక్కటే కాదు, నిలవ నీరు. డ్రైను గోడ రోడ్డు కంటే జానెడు ఎత్తులో కడితే నీళ్లు ఎటు పోవాలి? పెద్దమనుషుల పర్యటన ఉందంటే మాత్రం రాత్రికి రాత్రే గుంతల్లో రాళ్లపొడి పడుతుంది, మర్నాటికి ఆ పొడి అంతా పెయింటు ఆరని బాడీల మీద ఉంటుంది.

కాలం కూడా ఈ మనుషులకు కలిసిరావడం లేదు. 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే కొత్త నిబంధనల బీఎస్ 6 బళ్లు వచ్చాయి. పొగ శుద్ధికి పోసే యూరియా ద్రవంలో కక్కుర్తిపడి మామూలు నీళ్లు కలిపితే సెన్సరు పట్టేస్తుంది, లైటు వెలుగుతుంది, ఇంజన్ తన బలం తానే తగ్గించుకుని ఘాట్ ఎక్కనని మొరాయిస్తుంది. చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రులు ఇప్పుడు స్కానరు పెట్టి కోడు చదువుతున్నారు, ఎవరూ క్లాసులు పెట్టి నేర్పకపోయినా. డీజిల్ మెకానిక్ ట్రేడు సర్టిఫికెట్ పట్టుకొచ్చే కొందరు కుర్రాళ్లకేమో హెడ్డు బోల్టులు నడిమి నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలని కూడా తెలియదు. ఒక కొస నుంచి బిగించుకుంటూ పోతారు, గాస్కెట్ పోతుంది. చదువులు అలా ఏడ్చాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవరుకు మేలే. ఫ్యాక్టరీ నుంచే క్యాబిన్ వచ్చేస్తే మాత్రం ఉత్త ఛాసిస్ (లారీ చట్రం) మీద క్యాబిన్ కట్టే వడ్రంగి, టింకరింగ్ మేస్త్రులకు వెనక తొట్టే మిగులుతుంది. కథనం రాయాలంటే ఇది రాయచ్చు.

తరలింపు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక టేపు పట్టుకొచ్చి డ్రైను గోడ ఎత్తు ఎంతో, రోడ్డు ఎత్తు ఎంతో కొలిచి మీ పేపర్లోనే వేయించండి.

— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ